కొండ నూకుతున్న చోట

సెప్టెంబరు 3, బుధవారం

ఆరేళ్లుగా రోజూ ఏదో ఒకటి రాస్తూనే ఉన్నాను. తవ్వకం చివర కనబడే రాయి రంగు, పగుళ్లు ఎటు వాలాయి, నీరు ఎక్కడ ఊరుతోంది, సొరంగం గోడలు ఎన్ని మిల్లీమీటర్లు లోపలికి జరిగాయి. ఆ పుస్తకాలన్నీ కంపెనీవాళ్లు తీసుకుని, నన్ను సెలవు మీద సిరిసిల్లకు, అమ్మానాన్నల దగ్గరికి పంపించారు. రాయకుండా ఉంటే చేతికి ఏమీ తోచడం లేదు. బాపు మరమగ్గాల షెడ్డుకు వెళ్లాక బజారుకు పోయి ఈ నోటుబుక్కు తెచ్చుకున్నాను. దీన్ని ఎవరూ తనిఖీ చెయ్యరు.

జరిగింది ఒక్కసారి రాసి పెడతాను. ఆగస్టు 19, మంగళవారం. హిమాలయాల్లో మేం తవ్వుతున్న రోడ్డు సొరంగం. నేను అక్కడి జియాలజిస్టును. మధ్యాహ్నం షిఫ్టులో, తవ్వకం చివరకు కొంచెం ఇవతల, ఎడమ గోడ లోపలికి వచ్చింది. దాని వెంట కప్పు దిగింది. లోపల ఐదుగురు. నలుగురు బయటపడ్డారు. కరుణాకర్ పడలేదు. వయసు ఇరవై తొమ్మిది, మంచిర్యాల దగ్గర శ్రీరాంపూర్ మనిషి, డ్రిల్లింగు పని. అతన్ని ఆ పనిలో పెట్టించింది నేనే.

గోడ కొలతలు నా చేతికి వచ్చేసరికే అతను లోపలికి వెళ్లిపోయాడు. నేను చేయగలిగింది ఏమీ లేదు.

సెప్టెంబరు 4

చేయగలిగింది ఏమీ లేదు.

సెప్టెంబరు 8

అవ్వ బీడీలు చుడుతూ అడిగింది, "ఎన్ని దినాల సెలవే లతా?"

"వాళ్లు పిలిచేదాక."

"పిలువకపోతే?"

"పిలుస్తరు."

సాయంత్రం మేనేజరు ఫోను చేశాడు. విచారణకు కంపెనీ తరఫున ఒక వివరణ ఇవ్వాలట. తయారు చేసి మెయిల్లో పంపాడు. "ఒక్క సంతకం మేడం. అందరికీ మంచిది. కొండ తరఫున మనం జవాబు చెప్పలేం కదా," అన్నాడు హిందీలో, మెత్తగా.

చదివాను. రెండు పేజీలు. అన్నీ మర్యాదైన మాటలే. ఊహించని భూగర్భ పరిస్థితి. ఒక వాక్యం మాత్రం: "మృతుడు సూచనలకు విరుద్ధంగా, కప్పుకు ఆధారాలు బిగించని భాగంలోకి వెళ్లినట్లు తెలియవచ్చింది."

ఒక్క వాక్యం. మిగతాదంతా దాదాపు నిజమే.

సెప్టెంబరు 9

క్యాంపులో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. పది మంది ముందు "మేడం" అనేవాడు, టీ దగ్గర "అక్కా" అనేవాడు. కారంపొడి శ్రీరాంపూర్ నుంచి తెప్పించుకునేవాడు, నాకు సగం ఇచ్చేవాడు. సైటుకు పోయే దారిలో కొండను కోసిన చోట రాతి పొరలు పాము మెలికల్లా వంగి కనబడతాయి. మొదటిసారి చూసినప్పుడు బండి ఆపించి ఫోటో తీసి వాళ్ల బాపుకు పంపాడు. వాళ్ల బాపు హనుమండ్లు ముప్పై రెండేళ్లు బొగ్గు గనిలో టింబర్‌మన్, అంటే కప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని. వెంటనే ఫోను చేశాడట.

"రాయి మల్గది బిడ్డా. పల్గుతది. గది నీ ఫోన్ల ఏదో తిరకాసు."

కరుణాకర్ ఫోను నాకిచ్చాడు. నేను చెప్పాను: పైన ఉంటే పగులుతుంది పెద్దబాపూ, కిలోమీటర్ల లోతుల వేడి ఉంటది, బరువు ఉంటది, లక్షల యేండ్లు మెల్లగ నూకితే రాయి గూడ వంగుతది. ఆయన, "మీరు చదువుకున్నోళ్లు. కానీ నేను సూడలే," అన్నాడు. కరుణాకర్ మూడు రోజులు నవ్వాడు.

సెప్టెంబరు 12

కరుణాకర్ భార్య దీపిక ఫోను చేసింది. చావు తర్వాత మొదటిసారి.

"అక్కా, మామయ్య మిమ్ముల్ని ఒకపారి రమ్మంటున్నడు."

"వస్త," అన్నాను. "ఎట్ల ఉన్నడు?"

"బయటికి పోతలేడు. మా ఆయన దిమ్మెలు లేని కాడికి పోయిండని కంపెనోళ్లు జెప్పిండ్రు గదా. గా మాట కాలనీ మొత్తం తెల్సింది. మామయ్య తోటి పనిజేసినోళ్లు సూడనీకి వస్తే గూడ లోపటనే పంటుండు."

ఆదివారం పోతాను.

సెప్టెంబరు 14, ఆదివారం

వాన.

సెప్టెంబరు 15

మంచిర్యాల బస్సు దొరకలేదు.

సెప్టెంబరు 16

నిన్న నేను బస్టాండుకు పోలేదు.

సెప్టెంబరు 17

బాపు షెడ్డు నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాడు. నా ముందున్న కాగితాలు చూశాడు. ఇంగ్లీషు ఆయనకు రాదు.

"గా కాయిదం మీద దస్కతు వెట్టమన్నరా?"

"అవును."

"పెట్టలే?"

"పెడ్త."

"దాంట్ల రాసింది నిజమేనా?"

"దాదాపు నిజమే, బాపు."

ఆయన తువ్వాలతో మొహం తుడుచుకుని కంచం ముందు కూర్చున్నాడు. రెండు ముద్దలు తిన్నాక అన్నాడు, "దాదాపు అంటే కాదన్నట్టు."

ఆయన మీద కోపం వచ్చింది. ఎందుకో తెలియనట్టు ఇక్కడ రాయడం ఎందుకు. తెలుసు.

సెప్టెంబరు 19

నెల రోజులైంది. మొదటి పేజీలో రాసింది అబద్ధం. కొట్టివేయను, అలాగే ఉండనీ. కింద మళ్లీ రాస్తున్నాను.

ఆ సొరంగంలో గోడలు రోజుకు మూడు మిల్లీమీటర్లు జరగడం మామూలే. అక్కడి రాయి నలిగిన రాయి. మన దేశాన్ని మోస్తున్న నేల పలక ఉత్తరానికి నూకుతూనే ఉంది, అవతలి పలక తోవ ఇవ్వదు, మధ్యలో చిక్కిన రాయి పిండిలా నలిగి పొరలు పొరలుగా వంగిపోయింది. దానిలో దారి తొలిస్తే అది మూసుకోవాలని చూస్తుంది. అందుకే ఇనుప కమానులు నిలబెడతాం, కాంక్రీటు కొడతాం, రోజూ కొలుస్తాం.

ఆగస్టు 18న పదకొండు మిల్లీమీటర్లు. 19న పొద్దున పందొమ్మిది.

పందొమ్మిది నా చేతికి వచ్చింది పదకొండు గంటలకు. షిఫ్టు మారేది రెండింటికి. మూడు గంటలున్నాయి.

మేనేజరుకు చెప్పాను. "మిషన్ తప్పు చూపిస్తుండొచ్చు. రేపు మళ్లీ కొలవండి. ఈ నెల ఇప్పటికే వెనకబడ్డాం," అన్నాడు. నేను సరే అన్నాను. పని ఆపే అధికారం నాకుంది. నియామకపు కాగితంలో రాసి ఉంది. జూన్లో ఒకసారి ఆపాను కూడా. పన్నెండు గంటలు అందరూ బయట కూర్చున్నారు. ఏమీ కూలలేదు. మరునాడు మీటింగులో నన్ను నిలబెట్టి, మేడంకు కొండంటే భయం, అన్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు గుర్తుండిపోయింది. 19న పదకొండింటి నుంచి రెండింటి దాకా నేను ఆలోచించింది రాయి గురించి కాదు.

రెండింటికి సొరంగం మొగదల కరుణాకర్ కనిపించాడు. హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ దగ్గరికి వచ్చాడు.

"అక్కా, పొద్దటి షిఫ్టోళ్లు జెప్పిండ్రు, ఎడమ దిక్కు కమాను ముక్కుతున్నదట. నిన్న నేను గూడ విన్న. మా బాపు అయితే మనుషుల్ని బయటికి తోలుతుండె."

నేను కొలతల పుస్తకం మూశాను.

"లోపటికి పోవాల్నా?" అని అడిగాడు.

"పో. రేపు మళ్ల కొలుస్త," అన్నాను.

పోయాడు. మూడు యాభైకి కూలింది. తవ్వకం చివరి ముక్కలో కాదు. ఆఖరి కమానుకు ఎనిమిది మీటర్లు ఇవతల. పూర్తిగా ఆధారాలున్న చోట, వాటి కిందనే ఉన్నాడు.

సెప్టెంబరు 20

అవ్వకు చెప్పాను. బీడీల చాట పక్కన పెట్టి నా తల మీద చెయ్యి వేసింది. "పోయిరా బిడ్డా. వాళ్లు తిడ్తే పడు. కొడ్తే పడు. కానీ పోయిరా."

సెప్టెంబరు 25, గురువారం

పోయి వచ్చాను. వరసగా రాస్తాను, లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చుకుంటాను.

కరీంనగర్లో బస్సు మారి మంచిర్యాల, అక్కడి నుంచి ఆటోలో శ్రీరాంపూర్. దారి పొడుగునా ఆడవాళ్లు తంగేడు పువ్వు మోసుకుపోతున్నారు. కాలనీలో అన్ని వాకిళ్లలో బతుకమ్మ సందడి ఉంది, ఆ ఒక్క వాకిట్లో లేదు. దీపిక తలుపు తీసింది. సన్నబడింది. లోపల జంపఖానా మీద హనుమండ్లు కూర్చుని ఉన్నాడు. పొట్టి మనిషి, భుజాలు మాత్రం దూలాల్లా ఉన్నాయి. కరుణాకర్ ముఖం అచ్చం ఆయనదే. అది నాకు ఎవరూ చెప్పలేదు.

"రా బిడ్డా. కూసో. మంచినీళ్లు తర్వాత. మొదలు గిది జెప్పు. మావోడు ఆఖరి దిమ్మె దాటిండా?"

"దాటలే పెద్దబాపూ."

"నిజం జెప్పు. నాకు నిమ్మళం జేసేటందుకు జెప్పకు. చిన్నప్పటి సంది వానికి నేర్పిన మాట ఒక్కటే. ఆఖరి దిమ్మె దాటి ఒక్క అడుగు గూడ పెట్టద్దు. గనిలనే కాదు, యాడనన్న సరే. గా మాట వాడు ఇనలేదంటే..."

"కమాను కిందనే ఉన్నడు. ఆఖరి కమానుకు ఎనిమిది మీటర్లు ఇవతల. నేను కొలిచిన."

ఆయన రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని నేల వంక చూశాడు. దీపిక వంటింటి గడప దగ్గర నిలబడింది.

"మల్ల గట్లెందుకు జెప్పిండ్రు?"

"గట్ల జెప్తే తప్పు ఇంక ఎవరిదీ కాదు."

"ముందుగాల సప్పుడైందా?"

ఇదే నేను భయపడిన ప్రశ్న. ముప్పై రెండేళ్లు కప్పు కింద బతికిన మనిషి ఇంకేం అడుగుతాడు.

"అయింది. కమాను ముక్కింది. తమ్ముడు విన్నడు."

"మా గనిల దిమ్మె చిటచిట అంటది. పైకెల్లి సన్నగ రాల్తది. ఇనుము ముక్కుడంటే? పైనుంచి గంత బరువా?"

"పైనుంచే కాదు. పక్కలకెల్లి."

ఆయనకు అర్థం కాలేదు. నేను జంపఖానా అంచు పట్టుకుని ఆయన వైపు నూకాను. మధ్యలో మడతలు లేచాయి. ఈ మడతలే గా కొండలు, అన్నాను. మనం నిలబడ్డ నేల మొత్తం ఒక పలక. సముద్రం దాటుకుంట పోయి ఇంకో పలకకు తాకింది. తాకి ఐదు కోట్ల యేండ్లయింది. నూకుడు ఆగలే. గా కొండల కాడ ఏటా బొటనవేలు వెడల్పంత దగ్గరికి జరుగుతనే ఉన్నది. నడుమ సముద్రం అడుగున పేరుకున్న బురద రాయయి, మల్గి, పల్గి, ఒకదాని మీద ఒకటెక్కి ఆకాశానికి లేచింది.

"మన దిక్కు?"

"మన దిక్కు వేరే. ఒకప్పుడు నేలను రెండు దిక్కుల గుంజినట్టయింది. నడుమ కుంగింది. గా కుంగిన కాడ పాతకాలం చెట్లు కప్పుకపోయి బొగ్గయింది. కోట్ల యేండ్ల సంది చానమటుకు నిమ్మళంగున్నది."

ఆయన మడతల మీద అరచెయ్యి పెట్టాడు. ఒక మడతను వేలితో కిందికి నొక్కాడు, అది పక్కన లేచింది.

"అంటే మా కాడ కప్పు పడ్తది," అన్నాడు మెల్లగా. "మీ కాడ గోడ మింగుతది."

ఎం.ఎస్సీ.లో రెండేళ్లు చదివింది ఆయన ఒక్క మాటలో చెప్పాడు. అవునన్నాను. ఆ తర్వాత ఇక ఆగలేదు. పందొమ్మిది మిల్లీమీటర్లు చెప్పాను. మేనేజరుకు ఫోను చేసింది, సరే అన్నది, జూన్లో నవ్వులు, మూడు గంటలు ఊరుకున్నది, అన్నీ చెప్పాను.

"రెండింటికి తమ్ముడు నన్ను అడిగిండు, లోపటికి పోవాల్నా అని. నేను పో అన్న."

హనుమండ్లు లేచాడు. నా వైపు చూడకుండా బయటికి పోయాడు. వాకిట్లో అటూ ఇటూ నడుస్తున్న చప్పుడు. దీపిక అక్కడే నిలబడి ఉంది.

"మా ఆయనకు ముందే తెల్సా అక్కా?"

"అనుమానం ఉండె."

"పొద్దుగాల నాతోటి ఫోన్ల మాట్లాడిండు. ఏం జెప్పలే. బిర్యాని తిన్న అన్నడు." గడప పట్టుకుని అంది, "ఆయనవి మామయ్య చెవులు."

హనుమండ్లు తిరిగి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, గొంతు మామూలుగానే ఉంది.

"ముప్పై రెండేండ్లల్ల నేను మూడుసార్లు మనుషుల్ని బయటికి తోలిన. మొదటిసారి ఏం కూలలే. మెమో ఇచ్చిండ్రు. రెండోసారి గూడ ఏం కూలలే. మల్ల మెమో. మూడోసారి అందరం బయటికొచ్చినంక అరగంటకు కూలింది. పద్నాలుగు మందిమి. గా మెమోలు నా పెట్టెల ఇప్పటికీ ఉన్నయి. ఎందుకు దాసిపెట్టిన? సిగ్గుతోటి కాదు." నా వైపు తిరిగాడు. "నువ్వు జూన్ల ఆపినవ్. ఏం కూలలే. గది తప్పని నీకు ఎవలు నేర్పిండ్రు బిడ్డా?"

ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. అదీ బాగానే అనిపించింది.

దీపిక నీళ్ల గ్లాసు తెచ్చి నా ముందు నిలబడింది, ఇవ్వకుండా.

"ఆయన తప్పు లేదని రాసిస్తవా?"

"రాసిస్త."

"నీ తప్పున్నదని గూడ?"

"రాసిస్త."

గ్లాసు నా చేతికిచ్చింది. "తాగు," అంది.

సెప్టెంబరు 27

నాలుగు పేజీలు. పంపించాను. కంపెనీకి ఒకటి, విచారణ కమిటీకి ఒకటి.

సెప్టెంబరు 28

మేనేజరు తొమ్మిదిసార్లు ఫోను చేశాడు. పదోసారి ఎత్తాను. మెత్తదనం లేదు. "మీకిక ఎక్కడా పని దొరకదు," అన్నాడు. ఆయన గొంతులో కూడా నిద్ర లేదు. ఆయనకూ ఎవరో పైనుంచి రోజూ మీటర్లు అడుగుతుంటారు. అది తెలిసి కూడా నా పేజీల్లో ఒక్క అక్షరం మార్చలేను.

అక్టోబరు 14

రేపు రాత్రికి ఢిల్లీలో ఉండాలి, ఎల్లుండి విచారణ కమిటీ ముందు హాజరు కావాలి. మంచిర్యాలలో రైలెక్కాను. హనుమండ్లు స్టేషనుకు వచ్చాడు. ఇల్లు కదలని మనిషి ఇస్త్రీ చొక్కా వేసుకుని ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాడు. జొన్నరొట్టెల మూట ఇచ్చాడు. "దీపిక జేసింది," అన్నాడు. రైలు కదిలేముందు కిటికీ కడ్డీ పట్టుకుని, "నీ మీద కోపం పోలే బిడ్డా. పోతదో లేదో తెల్వది. కానీ అడిగిన దానికి తడబడకుండ జెప్పు," అన్నాడు.

అక్టోబరు 16

"లోపలికి వెళ్లమన్నది ఎవరు?"

"నేను."

అక్టోబరు 30

ఉద్యోగం పోయిందని కాగితం వచ్చింది. విచారణ ఇంకా నడుస్తోంది, నా మీద ఏం తేలుస్తారో తెలియదు. కానీ మధ్యంతర నివేదికలో ఆ వాక్యం కొట్టేశారు. "మృతుడు నిబంధనలు పాటించాడు, ప్రమాద సూచనను ముందే తెలియజేశాడు" అని ఉంది. దీపికకు పంపాను. మామయ్యకు మూడుసార్లు చదివి వినిపించిందట. మూడోసారి అయ్యాక ఆయన చెప్పులు వేసుకుని చౌరస్తా దాకా పోయి, టీ కొట్టు దగ్గర పాత గనివాళ్ల మధ్య కూర్చున్నాడట.

నవంబరు 9, ఆదివారం

హనుమండ్లు పిలిస్తే మళ్లీ శ్రీరాంపూర్ పోయాను. గనిలో కాంట్రాక్టు పని వదిలేసి కొండ సొరంగాలకు పోయేవాళ్లు ఈ దిక్కున చాలామందే ఉన్నారు. సెలవు మీద వచ్చినవాళ్లను, పోబోయేవాళ్లను కమ్యూనిటీ హాల్లో కూర్చోబెట్టాడు. నలభై మంది దాకా ఉన్నారు.

"గీ బిడ్డ జియాలజిస్టు. కొండ ఎట్ల నూకుతదో జెప్తది. ఇనుండ్రి," అన్నాడు. నా గురించి ఇంకేం చెప్పలేదు. నేనే చెప్పాను.

బోర్డు మీద రెండు పలకలు గీశాను. మడతలు గీశాను. నలిగిన రాయి ఎలా ఉంటుందో, వేళ్ల మధ్య పెట్టి రుద్దితే ఎలా జారుతుందో, గోడ కొలతలు ఎక్కడ రాసి ఉంటాయో, వాటిని అడిగే హక్కు వాళ్లకు ఉందని చెప్పాను. ఇనుము వంగేముందు చేసే చప్పుడు నోటితో చేసి చూపించబోయాను, రాలేదు. హనుమండ్లు లేచి దిమ్మె పగిలే చప్పుడు చేసి చూపించాడు. అది విని పాత గనివాళ్లు ఇద్దరు తల వంచుకున్నారు.

సాంబయ్య అనే ఆయన, యాభై ఏళ్లుంటాయి, అడిగాడు: "మేడం, మాకు సప్పుడు ఇనబడ్తది. ఆఫీసర్ పొమ్మంటడు. గప్పుడేం జెయ్యాలె?"

"మొదలు అందరు బయటికి రండి. తర్వాత నాకు ఫోన్ జెయ్యండి. గా ఆఫీసర్‌తోటి నేను మాట్లాడుత."

బోర్డు మీద నంబరు రాశాను. రాసుకున్నారు.

నవంబరు 10

ఉద్యోగం లేని మనిషిని. ఏ అధికారంతో మాట్లాడతాను? అయినా నంబరు చెరపమని చెప్పను.

డిసెంబరు 2, మంగళవారం

పదిన్నరకు ఫోను మోగింది. తెలియని నంబరు, వెనకాల గాలి హోరు.

"మేడం, నేను సాంబయ్యను. ఉత్తరాఖండ్ల ఉన్న. పొద్దుగాల కమాను ముక్కింది. మేం పదకొండు మందిమి బయటికొచ్చినం."

"అందరు వచ్చిండ్రా? లెక్క జూసుకున్నవా?"

"సూసుకున్న. పదకొండు. గంటన్నర అయింది మేడం, ఏం కూలలే. సార్ మస్తు తిడుతుండు. ఏం జెయ్యమంటరు?"

"బయటనే ఉండండి," అన్నాను. "ఫోన్ ఆయనకియ్యి."